బీఎస్సీ మైక్రోబయాలజీ: పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మా ల్యాబ్ కిటికీ దగ్గర కొందరు రిపోర్టు తీసుకుని వెంటనే వెళ్లరు. లోపల తెల్లకోటు వేసుకున్న అమ్మాయిని చూపించి "ఆ ఉద్యోగానికి ఏం చదవాలండీ?" అని అడుగుతారు. ఒక వేసవిలో ఉయ్యూరు వైపు నుండి షుగరు పరీక్షకు వచ్చిన ఒక తల్లి ఇలాగే అడిగింది. "మా పాప బైపీసీ పాసయిందండి. డాక్టరు సీటు వచ్చేలా లేదు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివిస్తే మీ దగ్గర ఉద్యోగం వస్తుందా? అర ఎకరం తాకట్టు పెట్టయినా చదివిస్తాం" అంది. పని తొందరలో మేము "మంచి చదువేనమ్మా, చేర్పించండి" అనేశాము. ఆమె వెళ్లిన తరువాత మా టెక్నీషియన్ "నేను చదివింది అది కాదు కదండీ" అంది.

ఆ తొందరపాటు జవాబును సరిచేయడానికే ఈ పాఠం.

ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసి, గళ్ళ పరీక్ష చేసి, మూత్రం కల్చర్ పెట్టే ఉద్యోగానికి అడిగేది డీఎంఎల్‌టీ గాని, బీఎస్సీ ఎంఎల్‌టీ గాని. డీఎంఎల్‌టీ ఇంటర్ తరువాత రెండేళ్ళ కోర్సు. బీఎస్సీ ఎంఎల్‌టీ విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనిది. ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు వీటితో పాటు పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా అడుగుతారు. బీఎస్సీ మైక్రోబయాలజీ మామూలు సైన్సు డిగ్రీ. అందులో క్రిముల గురించి ఎక్కువే నేర్పుతారు, కాని ఆ పట్టా ఒక్కటే చూపించి ఈ కుర్చీలో కూర్చోవడం కుదరదు. ఇక రిపోర్టు మీద సంతకం చేసే మైక్రోబయాలజీ డాక్టరు చదివినది ఎంబీబీఎస్, ఆపైన ఎండీ. పేరు ఒకటే, దారులు వేరు.

మరి ఈ డిగ్రీకి మన డెల్టాలో పని లేదా? ఉంది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన తరువాత కైకలూరు, ముదినేపల్లి, గుడివాడ, భీమవరం వైపు ఆక్వా ల్యాబ్‌లు చాలా వెలిశాయి. రైతు సీసాలో చెరువు నీళ్ళు తెస్తాడు. ల్యాబ్‌లో ఆ నీటిని ప్లేటు మీద పెంచి విబ్రియో క్రిములను లెక్కపెడతారు. పసుపు చుక్కలైతే కొంత ఊరట, ఆకుపచ్చ చుక్కలు ఎక్కువైతే రైతు ముఖం మారిపోతుంది. పిల్ల వదిలే ముందు వైట్ స్పాట్, ఈహెచ్‌పీ ఉన్నాయేమోనని పీసీఆర్ చేస్తారు. ఇది అచ్చంగా మైక్రోబయాలజీ పనే. అయితే ఆ జీతం రొయ్య ధరను బట్టి నడుస్తుంది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య ధర పడితే ఆ దెబ్బ చెరువు గట్టు దగ్గరే ఆగదు కదా.

పాల డెయిరీలలో, తాగునీటి పరీక్షలలో కూడా అవకాశాలున్నాయి. హైదరాబాదులోని మందుల, టీకాల కంపెనీలలో మందు సీసాలో క్రిమి లేదని 14 రోజులు ఉంచి చూసే విభాగాలున్నాయి. ఆహార భద్రతా అధికారి పోస్టుకు చట్టం ఒప్పుకునే డిగ్రీలలో మైక్రోబయాలజీ ఒకటి. కాని అది పోటీ పరీక్ష, నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. దానిని నమ్ముకుని అప్పు చేయవద్దని మా మాట.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు లెక్క చూపించడానికి మేము అనుకున్నవి, మీ కాలేజీ అంకెలు మీరు వేసుకోండి. ఏడాదికి ఫీజు 30,000, పుస్తకాలు, రికార్డులు, రాకపోకలు 10,000 అనుకుందాం. హాస్టలు నెలకు 6,000 చొప్పున పది నెలలకు 60,000. అంతా కలిపి ఏడాదికి లక్ష, మూడేళ్ళకు 3 లక్షలు. ఈ సొమ్మును రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 6,000 వడ్డీయే అవుతుంది. మొదటి జీతం 12,000 అనుకుంటే సగం అక్కడికే పోయింది. ఉద్యోగం హైదరాబాదులో అయితే మిగతా సగం హాస్టలుకు, తిండికి. అసలు అలాగే ఉంటుంది.

అదే పిల్ల ఇంటి దగ్గర నుండి బస్సులో వెళ్లి చదివితే? మూడేళ్ళకు 1,20,000. వడ్డీ 2,400. కోర్సు మారలేదు, కాలేజీ మారలేదు. హాస్టలు లేదు, అంతే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే ఇంకా తగ్గుతుంది, కాని ఆ సొమ్ము ఆలస్యమైతే కాలేజీ ఎవరిని అడుగుతుందో చేరేముందే కనుక్కోండి. ఎలాగూ అప్పు తప్పదంటే ముందు బ్యాంకు విద్యా రుణం అడగండి. 4 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. పొలం కాగితాలు బీరువాలోనే ఉంటాయి.

చాలామంది వేయని లెక్క ఇంకొకటుంది. ఈ డిగ్రీతో ఆగకుండా ఎమ్మెస్సీ చేసేవారు చాలామంది. అంటే ఖర్చు మూడేళ్ళది కాదు, ఐదేళ్ళది. మొదటి జీతం వచ్చేదాకా అయ్యేదంతా చదువు ఖరీదే.

కాలేజీకి వెళ్లినప్పుడు భవనాలు చూడకండి, ల్యాబ్ చూపించమనండి. ఆటోక్లేవ్ పనిచేస్తోందా, పిల్లలు స్వయంగా ప్లేట్లు పోస్తున్నారా, దూరం నుండి చూస్తున్నారా? నిరుడు పాసైన వారు ఎక్కడ ఉన్నారని అడగండి. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీ ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతికి మారింది. పూర్వం ఈ గ్రూపులలో కెమిస్ట్రీ కూడా కలిసి వచ్చేది. మందుల కంపెనీ ఉద్యోగం ఆలోచన ఉంటే మైనర్‌గా కెమిస్ట్రీ దొరుకుతుందేమో అడగడం మంచిది.

ఆ తల్లి మళ్ళీ రిపోర్టుకు వచ్చినప్పుడు మేమే పిలిచి, మా మాట వెనక్కి తీసుకుంటున్నామని చెప్పి, ఇదంతా కాగితం మీద వేసి చూపించాము. రెండేళ్ళ డీఎంఎల్‌టీ లెక్క పక్కన చూసి ఆమెకు అదే నచ్చింది. అప్పటిదాకా వెనకాల నిలబడిన అమ్మాయి మెల్లగా అంది, "రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయండి. మా మావయ్య చెరువుల దగ్గర ల్యాబ్ చూశాను, అదయితే చేస్తాను."

అంతవరకు ఆ పిల్లను మాలో ఎవరమూ అడగలేదు. తల్లి కాసేపు కాగితం చూసి, ఉయ్యూరు నుండి పొద్దున ఏడింటికి బస్సు ఉంటుందా అని అడిగింది.