పట్టణపు రైలు పల్లెకు వచ్చునప్పుడు



క్రొత్త రైలుదారి వచ్చుచున్నదనిన ఊరంతయు సంతసించును. సంతసింపదగినదే. కాని దారి ఊరి ప్రక్కగా పోవుట వేరు, అది ఊరికి ఉపకరించుట వేరు. దారి వేయుట ప్రభుత్వము పని. దానివలన మన పొలమునకు నీరు ఆగకుండ, బండిబాట తెగకుండ, పంట ఎగుమతికి చోటు దొరకునట్లు చూచుకొనుట మన పని. ఈ రెండవ పనికి కాలనియమము కలదు. అది దాటినచో అడిగిన ప్రయోజనము తగ్గును. ఈ నెల పాఠమునందు ఈ సంగతినే విచారింతము.

1. రెండు దారుల నడిమి సీమ

హైదరాబాదు రాజ్యమున వాడి నుండి సికింద్రాబాదునకు రైలుదారి 1874లో వచ్చినది. పిమ్మట తూర్పున కాజీపేట మీదుగా బెజవాడకును, పడమట నిజామాబాదు మీదుగా మన్మాడుకును దారులు పోయినవి. 1920ల చివర కాజీపేట నుండి పెద్దపల్లి మీదుగా బల్లార్షాకు దారి పడినది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములు ఈ రెండు దారులకు నడుమ, ఏ దారియు అందని సీమగా చాలకాలము ఉండిపోయినవి. పసుపు, మొక్కజొన్న, మామిడి, సిరిసిల్ల మగ్గములకు వలయు నూలు, అన్నియు మొదట బండ్లమీదను, తరువాత లారీలమీదను నడిచినవి.

పెద్దపల్లి–నిజామాబాదు దారికి 1993లో ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు శంకుస్థాపన చేసిరి. సుమారు 177 కిలోమీటర్ల యీ దారి భాగములు భాగములుగా సాగి, కరీంనగరు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా 2017 మార్చిలో నిజామాబాదుతో కలిసినది. అనగా 24 సంవత్సరములు పట్టినది. ఆనాడు పసివాడైన రైతుబిడ్డ గృహస్థుడైన పిదప దారి పూర్తియైనదన్నమాట.

2. నగరము నుండి మన దిక్కునకు

హైదరాబాదు నగరమున నడుచు ఎం.ఎం.టి.ఎస్. అను స్థానిక రైలు 2003 ఆగస్టులో మొదలైనది. 2023 ఏప్రిల్ 8న అది మేడ్చల్ వరకు పొడిగింపబడినది. మేడ్చల్ దాటి అదే దారిన పోయిన మనోహరాబాదు వచ్చును. అచ్చట నుండి గజ్వేలు, సిద్దిపేట, సిరిసిల్ల, వేములవాడల మీదుగా కరీంనగరు చెంతనున్న కొత్తపల్లికి సుమారు 151 కిలోమీటర్ల క్రొత్త దారి నిర్ణయింపబడినది. దీనికి 2016 ఆగస్టు 7న శంకుస్థాపన జరిగినది. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుండి సికింద్రాబాదునకు ప్రయాణికుల బండి ప్రారంభమైనది. సిద్దిపేటకు ఈవల సిరిసిల్ల భాగమున మధ్య మానేరు జలాశయపు నీటిని దాటవలసి యున్నది. కొత్తపల్లి వద్ద ఈ దారి జగిత్యాల–కోరుట్ల దారితో కలియును. అది కలిసిన నాడు పెద్దపల్లి చుట్టో, నిజామాబాదు చుట్టో తిరుగకుండ మన సీమకు రాజధానితో సూటి దారి యేర్పడును.

నగరపు రైలు పల్లెలకు ప్రాకుట మన దేశమునందే కాదు. జర్మనీ దేశమున కార్ల్స్‌రూయె అను పట్టణమున 1992లో వీధులలో నడుచు ట్రాముబండిని పెద్ద రైలుపట్టాల మీదికి ఎక్కించి బ్రెట్టెన్ అను చిన్న ఊరి వరకు నడిపిరి. వీధిలోని 750 వోల్టుల విద్యుత్తుతోను, రైలుదారిలోని 15,000 వోల్టుల విద్యుత్తుతోను నడువగల బండ్లను అందులకై చేయించిరి. పల్లెవాసి తన ఊర ఎక్కి, బండి మారకయే పట్టణపు నడివీధిలో దిగును. దారి పొడుగునను క్రొత్త ఆగుచోట్లు పెట్టిరి. అందుచేత ప్రయాణికులు పెక్కు రెట్లు పెరిగిరి. ఆగుచోటు దగ్గరగా ఉండుట, బండి తఱచుగా వచ్చుట, నడుమ మారవలసిన పని లేకుండుట, ఈ మూడును ఉన్ననే పల్లెవారికి రైలు అక్కఱకు వచ్చును. పట్టాలు మాత్రమే ఉన్న చాలదు.

3. మొదట అడుగవలసినది నీటిదారి

మన సీమలో చెఱువులు గొలుసుగా ఉన్నవి. పై చెఱువు మత్తడి పాఱి క్రింది చెఱువు నిండును. రైలుకట్ట యనగా మైళ్ళ పొడుగున మట్టితో పోసిన గట్టు. అది వాగునకు, ఒఱ్ఱెకు, కాలువకు అడ్డముగా పడునప్పుడు తగినంత తూము లేకున్న కట్టకు ఒక ప్రక్క పొలము మునుగును, రెండవ ప్రక్క చెఱువు ఎండును. ఎండకాలమున కొలత వేయువారికి ఒఱ్ఱె యొక చిన్న పల్లముగానే కనబడును. భాద్రపదమున దాని పొంగు ఎంతయో ఊరివారికి మాత్రమే తెలియును. కావున ఆ సంగతి చెప్పవలసినవారు ఊరివారే.

ఇది దయాభిక్ష కాదు. 1989 నాటి రైల్వే చట్టపు 16వ సెక్షను ప్రకారము, దారి ప్రక్క భూముల వారికి కలిగిన అంతరాయము తీరునట్లు దాటుబాటలు, వంతెనలు, తూములు కట్టి నిలుపుట రైల్వేవారి విధి. దారి పడుటకు పూర్వము నీరు ఎంత నిరాటంకముగా పాఱెడిదో, తరువాతను అట్లే పాఱవలెను. కాని అందులోనే రెండు హద్దులు కలవు. ఒకటి, ఫలానా పని వద్దని ఒప్పుకొని దానికి బదులు పైకము పుచ్చుకొనినవారు ఆ పనిని మరల కోరజాలరు. రెండవది, ఆ భూమి మీదుగా రైలు మొదట ప్రజలకు తెరువబడిన నాటి నుండి పది సంవత్సరములు కడచిన పిమ్మట, అదనపు పనులను తన ఖర్చుతో చేయవలసిన బాధ్యత రైల్వేకు లేదు. జగిత్యాల, కోరుట్ల దిక్కు రైతులు తమ ఊర మొదటి బండి యెన్నడు నడిచెనో చూచుకొనవలెను. సిరిసిల్ల దిక్కున ఇంకను దారి తెరువబడని ఊళ్ళవారికి కాలము చేతిలోనున్నది.

4. బండిబాట

దారి పొలమును రెండుగా చీల్చును. ఇల్లు ఒక ప్రక్క, బావి యొక ప్రక్క పడును. కాపలా లేని రైలుగేట్లను పెద్ద లైనులపై 2019 నాటికి తొలగించిరి. ఇప్పుడు కట్ట క్రిందుగా సొరంగపుబాటలు కట్టుచున్నారు. ఇవి ప్రాణరక్షణకు మంచివే. అయినను రెండు సంగతులు చూడవలెను. గడ్డి వేసిన ట్రాక్టరు, వరికోత యంత్రము దూరునంత ఎత్తు ఉండవలెను. వాననీరు నిలువకుండ బయటికి పోవు కాలువ ఉండవలెను. ఎత్తు చాలని బాటవలన కోతయంత్రము చుట్టు తిరిగి వచ్చును. ఆ తిరుగుడు బాడుగ ప్రతి కారునను రైతే ఇచ్చుకొనవలెను.

5. ఎక్కించు చోటు

ప్రయాణికుల స్టేషను మనుష్యులకు, గూడ్సు షెడ్డు పంటకు. రెండవది లేనిచో పంటకు రైలు వచ్చియు రానట్లే. గజ్వేలుకు 2022 జూన్‌లో వచ్చిన తొలి గూడ్సుబండి ఎరువులు తెచ్చినది. యూరియా ధరను కేంద్ర ప్రభుత్వము నిర్ణయించును గనుక దీనివలన బస్తా వెల తగ్గదు. కాని నాటువేళ ఎరువు దగ్గరలో దిగుటయే పెద్ద లాభము.

ఎగుమతి సంగతి లెక్క వేసి చూతము. ఒక గూడ్సుబండికి 42 మూతపెట్టెలు, పెట్టెకు 60 టన్నులు అనుకొందము. మొత్తము 2,520 టన్నులు, అనగా 25,200 క్వింటాళ్ళు. ఎకరమునకు 25 క్వింటాళ్ళ పంట అనుకొనిన ఇది 1,008 ఎకరముల పంట. సభ్యునికి 3 ఎకరముల చొప్పున 336 కుటుంబములు కలిసిననే ఒక బండి నిండును. ఒక రైతు నింపలేడు. పెక్కు చిన్న సంఘములును ఒంటిగా నింపలేవు. నాలుగైదు సంఘములు ఒక్కనాడు, ఒక్క తీరు సరుకును, ఒక్కచోట చేర్చవలెను. రైలుకు సహకారమునకు గల సంబంధము ఇదియే.

మామిడి వంటి చెడు సరుకునకు పూర్తి బండి అక్కఱలేదు. పార్సెలు పెట్టె యొకటి 20 టన్నుల పైచిలుకు మోయును. 2020 సెప్టెంబరు 9న అనంతపురము నుండి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు కదలినది. జగిత్యాల చల్‌గల్ మార్కెట్టున చేరు కాయకును అట్టి మార్గము యోచింపదగినదే. కాని గ్రేడింగు, డబ్బాలు, నీడగల షెడ్డు లేకయే పెట్టె తెప్పించిన, కాయ మగ్గి నష్టము వచ్చును.

6. భూమి ధర

దారి గుఱుతు పడగానే బేరగాండ్రు వత్తురు. స్టేషను ఇక్కడనే యని యొకడు, అక్కడనే యని యొకడు చెప్పును. ప్రభుత్వ ప్రకటన చూడక అమ్మిన రైతు తరువాత చింతించును. 2013 నాటి భూసేకరణ చట్టపు పరిహార నియమములు 2015 నుండి రైల్వే సేకరణకును వర్తించుచున్నవి. వాటి ప్రకారము గ్రామభూమి ధరను 1 మొదలు 2 వరకు గల గుణకముతో హెచ్చించి, చెట్లు, బావులు, కట్టడముల విలువ చేర్చి, ఆ మొత్తమునకు సమానమైన సొమ్మును అదనముగా ఇయ్యవలెను. ధర కట్టునప్పుడు గత మూడేండ్ల రిజిస్టరు దస్తావేజులను చూతురు. స్టాంపు ఖర్చు మిగులునని తక్కువ ధరకు వ్రాయించుకొను ఊరు, తన పరిహారమును తానే తగ్గించుకొనుచున్నది. మధ్య మానేరు క్రింద ఇదివఱకే భూమి పోగొట్టుకొనినవారు ఈ సంగతిని మఱింత జాగ్రత్తగా చూడవలెను.

7. సంఘము చేయదగిన పని

పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 14 గ్రామముల రైతులను ఒక సంఘముగా చేర్చిరి. అప్పుతో ఆగక ఆ సంఘము పంట నిలువ, అమ్మకములు కూడ చేపట్టి నిలిచినది. పెక్కు ఊళ్ళు ఒక్కటిగా అడిగిన మాటకు బలమెక్కువ యనుటకు ఇది మన చెంతనున్న తార్కాణము.

మన సంఘములు ఇట్లు చేయవచ్చును. ఊరి పటముపై దారిని గీసి, అది కోయు ఒఱ్ఱెలు, కాలువలు, బండిబాటలు ఒక్కొక్కటి గుఱుతించవలెను. ముసలివారి నడిగి పెద్దవానల నాటి నీటిమట్టము వ్రాసికొనవలెను. దారి పొడుగుననున్న సంఘములు కూడి ఒకే విన్నపము తయారుచేసి రైల్వే ఇంజనీరునకును, జిల్లా కలెక్టరునకును ఇచ్చి, ముట్టినట్లు రసీదు పొందవలెను. నోటిమాట నిలువదు, కాగితము నిలుచును. కట్ట లేవక పూర్వము అడిగిన తూము సులభముగా వచ్చును. కట్ట లేచిన పిమ్మట అదే తూమునకు కట్టను త్రవ్వవలెను.

సర్వసభ్య సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊర రైలుదారి ఎన్ని నీటిదారులను దాటుచున్నది? వానిలో తూము లేనివి, చాలనివి ఏవి?
2. మన భాగమున మొదటి బండి నడిచి ఎన్ని యేండ్లయినది? పదేండ్ల గడువులో ఇంకెంత మిగిలినది?
3. కోతయంత్రము పోలేని బాట యున్నదా?
4. ఏ పంటను, ఏ నెలలో, ఏ యే సంఘములతో కలిసి ఒక బండికి సరిపడ చేర్చగలము?
5. గూడ్సు షెడ్డునకు పోవు రోడ్డు వానకాలమున నిలుచునా?

ఈ అయిదింటికి జవాబులు సంఘపు పుస్తకమున వ్రాసి ఉంచుడు. అధికారి వచ్చిన నాడు ఆ పుస్తకమే మీ తరఫున మాటాడును.