దవడ ఎముక మళ్లీ పెరుగుతుందా?

కాలో చెయ్యో విరిగితే కట్టు కడతారు, ఎముక అతుక్కుంటుంది. ఇది మనందరికీ తెలిసిందే. మరి దవడలో నాలుగు సెంటీమీటర్ల ఎముకే లేకుండా పోతే? మోటారుసైకిలు ప్రమాదాల్లో, దవడ గడ్డల్లో, నోటి క్యాన్సర్‌లో ఇలా జరుగుతుంది. ముఖం ఒక పక్కకు పోతుంది. అన్నం నమలలేరు. మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు.

మన గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరుపొందింది. నిప్పు నోటి లోపల పెట్టి చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తర కోస్తా ఆడవాళ్లలో ఎక్కువ. దీనివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని డి.జి.రెడ్డి, వి.కె.రావు 1957లోనే రాశారు. శ్రీకాకుళం ప్రాంతంలో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. అంగిలి పై దవడలో భాగమే. దాన్ని తీసేస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. అందుకని దంతవైద్యులు కట్టుడుపళ్ల సెట్టులాంటి పలకతో ఆ రంధ్రం మూస్తారు.

కింది దవడకు పలక చాలదు, ఎముకే కావాలి. ఎముకను కోసి రెండు కొసలనూ మెల్లగా ఎడం చేస్తే మధ్యలో కొత్త ఎముక పుడుతుందని సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే వైద్యుడు 1950లలో కాళ్ల మీద చేసి చూపించాడు. అమెరికాలో మెకార్తీ బృందం పిల్లల కింది దవడను ఇలాగే పొడిగించి 1992లో ప్రకటించింది.

ఖాళీ ఉన్నచోట పద్ధతి కాస్త వేరు. మిగిలిన ఎముక కొస నుంచి చిన్న ముక్క కోసి, మరలున్న లోహపు పరికరానికి బిగిస్తారు. అయిదారు రోజులు ఆగి, మర తిప్పుతూ రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ముక్కను అవతలి కొస వైపు జరుపుతారు. మేము స్కేలు తీసి చూసుకున్నాం, ఒక్క చిన్న గీత! తొందరపడితే ఎముక బదులు పీచు కండ మిగులుతుంది, ఆలస్యమైతే ముక్క మధ్యలోనే అతుక్కుపోతుంది. నాలుగు సెంటీమీటర్లకు నలభై రోజులు. గట్టిపడడానికి ఇంకో రెండు మూడు నెలలు.

రేడియేషన్ తగిలిన ఎముకలో ఇది సరిగా సాగదు. అప్పుడు మోకాలి కింద బయటివైపు ఉండే సన్నని ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి దవడగా అమరుస్తారు. 1989లో హిడాల్గో చూపిన దారి ఇది. శరీర బరువు పక్కనున్న పెద్ద ఎముకే మోస్తుంది కాబట్టి నడక పోదు.

ఏ పద్ధతి కుదురుతుందో ఎముక తీయకముందే డాక్టరుగారిని అడగాలి. మన పెద్దవాళ్లు అడగరు, వెంట వెళ్లే మనమే అడగాలి. మర తిప్పడం మామూలుగా ఇంట్లోవాళ్లకే నేర్పి పంపుతారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. తిప్పినప్పుడల్లా క్యాలెండరు మీద గీత పెట్టుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.