ఆపదలో ముందు నిలిచినవారికి మన అండ

సింగరాయకొండ ప్రాంతమునకు ఒక ప్రక్క చెన్నై–కలకత్తా జాతీయ రహదారియు, దాని చేరువనే రైలు మార్గమును, మరియొక ప్రక్క పాకల సముద్రతీరమును గలవు. దారిలో లారీ బోల్తాపడినను, స్నానమునకు దిగినవారిని కెరటము లాగుకొనిపోయినను, 108 వాహనము వచ్చులోపల అచ్చటికి చేరువారు ఆ ఊరివారే. టీ దుకాణదారు, ఆటో నడుపువాడు, జాలరి, పంచాయతీ పారిశుద్ధ్య కార్మికుడు మొదట చేయి అందింతురు. 2025 జనవరిలో, సంక్రాంతి దినములందు, పాకల తీరమున కొందరు మునిగి మరణించిన సంగతి సభ్యులకు తెలిసినదే.

గాయపడినవారిని ఆసుపత్రి చూచుకొనును. మృతుల కుటుంబములను బంధువులు ఓదార్తురు. మరి శవమును తన చేతులతో ఎత్తినవానిని అడుగువారెవరు?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు పైగా ప్రజలు మరణించిరి. స్వచ్ఛంద సేవకులెందరో దినముల తరబడి శవములను వెదకి దహనము చేసిరి. వారి సేవను మనము కొనియాడితిమి. వారికి నిద్ర పట్టుచున్నదా యని అడుగు అలవాటు మాత్రము మనలో పెరుగలేదు.

ఇట్టి పని చేసినవానికి కొన్ని దినములు నిద్ర పట్టకపోవుట, ఆ దృశ్యము మరల మరల కన్నుల యెదుట కనబడుట, చీటికిమాటికి కోపము వచ్చుట, ఆ దారిన పోవుటకు వెనుదీయుట సహజము. ఇది పిరికితనము కాదు, పిచ్చియు కాదు. పెక్కుమందికి కొలది వారములలో తగ్గును. మరచుటకని సారా పోయించు ఆచారము కొన్నిచోట్ల కలదు. అది మేలు చేయదు. నిద్రను చెరచి, వ్యసనమునకు దారితీయును.

అన్నిటికంటె ముందు పనికివచ్చునది తోటివాని తోడు. అదే పని చేసినవాడు ప్రక్కన కూర్చుండిన, చెప్పనక్కరలేనిది కూడ అతనికి తెలియును. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మానసిక ప్రథమ సహాయ గ్రంథము చూచుట, వినుట, తగిన సహాయముతో కలుపుట అను మూడు పనులను బోధించుచున్నది. జరిగినదంతయు ఒక్కసారిగా చెప్పుమని బలవంతపెట్టుట కూడదు.

పంచాయతీ చేయదగినవి ఇవి:

1. అనుభవము, నిదానము గల ముగ్గురు నలుగురిని ఎన్నుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునిచే వారికి బోధ చేయింపవలెను. వారిలో స్త్రీలును ఉండవలెను.

2. ఆపద జరిగిన దినమున పనిచేసినవారికి స్నానము, వేడి అన్నము, విశ్రాంతి సమకూర్చి, ఇంటివరకు తోడు పోవలెను.

3. మూడు దినములకు ఒకసారి, రెండు వారములకు మరియొకసారి ఒంటరిగా కలిసి పలుకరింపవలెను.

4. విన్నమాట రచ్చబండకు ఎక్కరాదు. ఒక్కసారి ఎక్కినచో మరల ఎవ్వడును నోరు విప్పడు.

5. బాధ నెల దాటినను తగ్గనిచో వైద్యునికి చూపవలెను. చావు మాట ఎత్తినచో క్షణమైనను ఆలసింపక, ఒంటరిగా విడువక, వైద్యుని కడకు తోడుకొనిపోవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగ లభించును.

పోలీసుల భయము కూడ ఒక భారమే. ప్రమాదమున గాయపడినవారికి సద్బుద్ధితో సాయపడినవానిపై సివిలు, క్రిమినలు బాధ్యత ఉండదని మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేర్చిన 134ఎ సెక్షను చెప్పుచున్నది. దీనిని గ్రామసభలో చదివి వినిపింపవలెను.

వీనిలో చాలవరకు ఖర్చు లేని పనులు. రాబోవు సమావేశముననే సభ్యులు ఆ నలుగురి పేర్లను నిర్ణయింతురుగాక. రేపు రహదారిపై కేక వినబడినప్పుడు పరుగెత్తువాడు, తన వెనుక ఊరున్నదని ఎరిగి పరుగెత్తవలెను.