ఓటీపీ చెప్పేముందు అందులో ఏం రాశారో చదవండి

ఉగాది నుంచి ఇప్పటివరకు నా దగ్గరికి వంటింటి సామాన్ల కేసులు ఏడు వచ్చాయి. నాలుగు ఇండక్షన్ స్టవ్‌లు, రెండు మిక్సీలు, ఒక చిమ్నీ. కంపెనీలు వేరు, ఊళ్లు వేరు. ఏడింటిలోనూ మమ్మల్ని దెబ్బతీస్తున్న కాగితం మాత్రం ఒకటే. సర్వీసు కుర్రాడు ఇంటికొచ్చినప్పుడు రాసుకుపోయే జాబ్ షీట్. అందులో ‘లోపలికి నీళ్లు పోయాయి, వాడకంలో పొరపాటు, వారంటీ వర్తించదు’ అని ఉంటుంది. కింద మన సంతకం ఉంటుంది. ఈమధ్య సంతకం కూడా అక్కర్లేదు, మన నోటితో మనం చెప్పిన ఓటీపీ చాలు.

మొన్ననే తీర్పు వచ్చిన ఒకావిడ పాత కేసు సంగతి చెబుతాను. ఆవిడకి అరవై దగ్గర పడుతున్నాయి. గ్యాసు మోయలేక, సిలిండర్ మార్చుకోలేక, బెంగళూరులో ఉన్న కొడుకు డబ్బు పంపితే 3,400 పెట్టి ఇండక్షన్ స్టవ్ కొనుక్కుంది. ఐదో నెలలో ఒకరోజు పొద్దున్నే పాలు పెట్టింది. పొంగు వచ్చే వేళకి పైన గాజు పలక టప్పుమని మధ్యకు చీలింది. గిన్నె ఒరిగింది. వేడి పాలు కుడిచేతి మీద మోచేతి దాకా పడ్డాయి. పదకొండు రోజులు కట్టు కట్టించుకుంది.

కంపెనీకి ఫోన్ చేస్తే మూడో రోజు కుర్రాడొచ్చాడు. స్టవ్‌ని బోర్లించి చూశాడు, టార్చి వేశాడు, తన ఫోన్‌లో ఏదో కొట్టాడు. “అమ్మా, మీ ఫోన్‌కి నాలుగంకెల నంబరొచ్చింది, చెప్పండి. కంప్లైంట్ పైకి పంపాలి” అన్నాడు. ఆవిడ చెప్పింది. కంప్లైంట్ పైకి వెళ్లలేదు, అక్కడికక్కడే మూతపడింది. అరగంటకి ఇంగ్లిషులో ఒక మెసేజీ వచ్చింది. ఆవిడకి ఇంగ్లిషు రాదు. మూడు వారాల తర్వాత కొడుకు ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ‘ద్రవం లోపలికి చేరింది, కస్టమర్‌కి వివరించాం, ఒప్పుకున్నారు’ అని ఉందట. ఆ చేతికి కట్టు కట్టి ఉన్న మనిషి దేనికి ఒప్పుకుంది? ఎవరు వివరించారు?

ఆ కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. రోజుకి ఎన్ని కాల్స్ ముగించాడన్నదే అతని లెక్క. తప్పు ఆ పద్ధతి పెట్టిన కంపెనీలది. సమస్య తీరిందని చెప్పడానికీ, వారంటీ వర్తించదని ఒప్పుకోవడానికీ ఒకే ఓటీపీ వాడటం దగా అని నేను కోర్టులోనే అన్నాను, ఇక్కడా అంటున్నాను. ఏ ఓటీపీ దేనికో తెలుగులో చెప్పమనే హక్కు మీకుంది. చెప్పకపోతే ఇవ్వకండి.

కంపెనీ వకీలు కౌంటరులో ఏం రాశాడంటే, ఫిర్యాదుదారు స్టవ్‌ని తడిగుడ్డతో తుడిచేదట, అందుకే లోపలికి నీళ్లు చేరాయట. వాళ్లిచ్చిన పుస్తకం తెరిచి చూశాను. తొమ్మిదో పేజీలో శుభ్రం చేసే విధానం కింద ‘తడిపి పిండిన మెత్తని గుడ్డతో తుడవండి’ అని వాళ్లే అచ్చువేశారు. ఆ పేజీనే సాక్ష్యంగా మార్క్ చేయించాను. వాళ్లు చెప్పినట్టే చేసినందుకు వాళ్లే నేరం మోపుతున్నారు! 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 84వ సెక్షన్ చూడండి. తయారీలో లోపం ఉంటేనే కాదు, సరైన వాడకం గురించి తగిన సూచనలు గానీ, తప్పుగా వాడితే వచ్చే ప్రమాదం గురించి హెచ్చరిక గానీ ఇవ్వకపోయినా తయారీదారుడే బాధ్యుడు. ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటు పాతసామాన్లవాడికి వేసేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. మనకి అది వంటింటి చెత్త, కోర్టులో మాత్రం దస్తావేజు.

ఇక మనవైపు తప్పులు కూడా చెప్పాలి. క్లయింట్లకి కోపం వచ్చినా సరే. ఇండక్షన్ స్టవ్‌లో గాజు కింద రాగి తీగ చుట్ట ఉంటుంది. దాని అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగుని వేడి చేస్తుంది, గిన్నె వేడికి గాజు వేడెక్కుతుంది. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు, దాన్ని చల్లబరిచే ఫ్యాను, కింద గాలి రంధ్రాలు ఉంటాయి. అంటే అది గ్యాసు పొయ్యి కాదు, పంపు కింద పెట్టి కడగడానికి. ప్లగ్గు తీసి, గాజు చల్లారాక పిండిన గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. స్టీలు పీచు వద్దు. నా క్లయింటు ఒకాయన, చదువుకున్నవాడు, సాంబారు పొంగితే స్టవ్‌ని సింకులో పెట్టి సబ్బునీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, నా దగ్గరికి కేసుకొచ్చాడు. నేను ఫైలు తిప్పి పంపేశాను. ఇంకొకరు 2000 వాట్ల స్టవ్‌ని ఫ్రిజ్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించారు. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ప్లగ్గు కరిగిందంటే కంపెనీని ఏమనగలం? 16 ఆంపియర్ల పాయింటు వేయించుకోండి. గాలి రంధ్రాల్లోంచి బొద్దింకలు వెచ్చదనానికి లోపలికి దూరతాయి. పురుగుల వల్ల పాడైతే వారంటీ లేదని చాలా కార్డుల్లో రాసే ఉంటుంది. రాత్రిపూట స్టవ్‌ని ఎత్తి అలమారలో పెట్టండి.

మళ్లీ జాబ్ షీట్ దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే మునిగేది అక్కడే. కుర్రాడు ఏం రాశాడో మీకు అర్థమయ్యే దాకా సంతకం పెట్టొద్దు, నంబరు చెప్పొద్దు. పక్కింటి పిల్లని పిలిచి చదివించుకోండి. అతని ఫోన్ తెర మీద ఉన్నదాన్ని మీ ఫోన్‌తో ఫొటో తీయండి. కాగితమైతే సంతకం పక్కన తెలుగులోనే ‘ఇందులో రాసినదానికి నాకు సమ్మతం లేదు’ అని రాసి, తారీకు వేయండి. ఇంగ్లిషులో రాయాలన్న నియమం ఎక్కడా లేదు. నంబరు అప్పటికే చెప్పేశారా? అదే రోజు, మర్నాటికి పోనివ్వకుండా, కంపెనీకి వాట్సాప్ గానీ ఈమెయిల్ గానీ పంపండి. ఎప్పుడు ఏం జరిగింది, కుర్రాడు ఏమన్నాడు, మీరు దేనికీ ఒప్పుకోలేదు అని నాలుగు వాక్యాలు చాలు. ఆరునెలల తర్వాత లాయరు నోటీసులో మేం రాసే నాలుగు పేజీలకన్నా ఆ రోజు మీరు పంపిన నాలుగు వాక్యాలకే వినియోగదారుల కమిషన్ ఎక్కువ విలువ ఇస్తుంది.

వస్తువుని పారేయొద్దు, లోకల్ మెకానిక్ చేత విప్పించొద్దు. చూడగానే తేలని లోపమైతే కమిషన్ దాన్ని సీలు వేయించి ల్యాబుకి పంపాలని అదే 2019 చట్టంలోని 38వ సెక్షన్ చెబుతుంది. ల్యాబు ఫీజు ముందుగా మనం కట్టాలి. మిక్సీ కేసుల్లో ఒకాయన కోర్టుకొచ్చే లోపు మోటారు వైండింగ్ మార్పించేశాడు, పచ్చడి ఆగిపోయిందట. ఇంక ల్యాబు ఏం చూడాలి? ఆ కేసు పోయింది. సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాల్సివస్తే సీరియల్ నంబరుతో రసీదు తీసుకుని, ఇచ్చేముందు నాలుగువైపులా వీడియో తీసి పెట్టుకోండి.

బిల్లు లేకపోతే ఎలా అని అడుగుతుంటారు. బిల్లు ఇవ్వకపోవడాన్నే ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. అయినా పన్ను మిగులుతుందని బిల్లు వద్దనేది మనమే కదా! ఫిర్యాదుకి గడువు రెండేళ్లు. కొన్న వెల 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు. కంపెనీ ముంబైలో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. ముందు 1915కి ఫోన్ చేయండి, చిన్న తగాదాలు అక్కడే తెగుతాయి. కర్రీ పాయింటు నడుపుకునేవాళ్లకి ఒక మాట. సొంత బతుకుతెరువు కోసం స్వయంగా వాడుకుంటే మీరు కూడా వినియోగదారులే. కానీ వారంటీ కార్డులో ‘ఇంటి వాడకానికి మాత్రమే’ అని ఉందేమో కొనేముందే చూసుకోండి.

కుక్కర్ల సంగతి వేరు. 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ మార్కు లేని ప్రెషర్ కుక్కర్ అమ్మడమే నేరం. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, నాణ్యత ప్రమాణాలకు లోబడని 2,265 కుక్కర్లను వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వాలని, లక్ష జరిమానా కట్టాలని ఒక పెద్ద ఆన్‌లైన్ సంస్థని ఆదేశించింది. మార్కు కింద ఉండే లైసెన్సు నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకుంటే అసలో నకిలీయో తెలిసిపోతుంది.

ఆవిడ కేసుకొస్తే, పరీక్ష అవసరమైన ఫిర్యాదుని 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటోంది. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. కమిషన్ సభ్యుల కుర్చీలు ఖాళీగా ఉంచి, వాయిదాల మీద వాయిదాలు వేయించిన ప్రభుత్వానికి ఆ కాలిన చేయి కనపడలేదు. మా అదృష్టమేమిటంటే, పగిలిన స్టవ్‌ని ఆవిడ గోనెసంచిలో చుట్టి మంచం కింద దాచింది. ఎవరూ విప్పలేదు. బోర్డు మీద నీటి మరక గానీ తుప్పు గానీ లేదని ల్యాబు రాసింది. కమిషన్ స్టవ్ ధర 3,400, వైద్యం ఖర్చు 6,200, పరిహారం 15,000 ఇప్పించింది. మేం అడిగిన పరిహారం లక్ష. తగ్గించడానికి తీర్పులో చూపిన కారణం ఒక్కటే. ఓటీపీ చెప్పి, మూడు వారాల దాకా అభ్యంతరం తెలపలేదని.