మాటయే శాసనమా? — ఫ్రెంచి ఒప్పంద న్యాయమును చదువు విధము

ఈజాబు, ఖబూలు అను రెండు మాటలు మన విద్యార్థులలో పెక్కుమందికి నికాహ్ సభలోనే పరిచితములు. ఒకరు ప్రతిపాదింతురు, మరియొకరు అంగీకరింతురు; ఆ రెండును కలిసిన క్షణమున బంధ మేర్పడును. పెక్కు దేశముల ఒప్పంద న్యాయము ఈ రెండు మాటలనుండియే బయలుదేరుచున్నది. కాని, ఇచ్చిన మాట మనుజుని ఎంతవరకు కట్టివేయును? కాలము తలక్రిందులైనను కట్టివేయునా? ఈ ప్రశ్నకు ఫ్రాన్సు దేశము చెప్పిన సమాధానమును, అచటి విద్యార్థి దానిని చదువు పద్ధతిని ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఫ్రెంచి న్యాయము మనకు బొత్తిగా పరాయిది కాదు. గోదావరీతీరమున తెలుగు మాటలాడు యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనే యుండెను.

ఫ్రాన్సు సివిల్ కోడ్ 1804 మార్చి 21న ప్రకటింపబడెను. త్రోన్షే, పోర్తాలిస్, బిగో ద ప్రెయామ్నూ, మాల్విల్ అను నలుగురు న్యాయవేత్తలు దాని ముసాయిదాను సిద్ధపరచిరి. ఒప్పందముల విషయమున వారు ఓర్లెయాఁ నగరపు పండితుడగు పోతియే 1761లో వెలువరించిన బాధ్యతల గ్రంథమును విశేషముగా అనుసరించిరి. ఆ కోడ్‌లోని 1134వ అధికరణము మిక్కిలి ప్రసిద్ధము. చట్టబద్ధముగా చేసికొన్న ఒప్పందము, చేసికొన్నవారికి శాసనముతో సమానమని దాని తాత్పర్యము. 2016 సంస్కరణ తరువాత ఆ సూత్రమే 1103వ అధికరణమున నిలిచియున్నది.

ఫ్రాన్సులో న్యాయశాస్త్ర పట్టమునకు మూడేండ్ల చదువు. సాధారణముగా రెండవయేట విద్యార్థి బాధ్యతల న్యాయమను పేర ఒప్పందములను చదువును. తరగతులు రెండు విధములు. ఒకటి, విశాలమైన ఉపన్యాసశాలలో ఆచార్యుని ప్రసంగము. రెండవది, చిన్న బృందములలో అభ్యాసము. అసలు శిక్షణ ఈ రెండవదానిలోనే కలదు. విద్యార్థి ఒక తీర్పును ముందుంచుకొని, జరిగిన దేమి, క్రింది కోర్టు లేమనెను, తేలవలసిన ప్రశ్న యేది, పై కోర్టు ఇచ్చిన సమాధాన మేది అని విడదీసి వ్రాయవలెను. పిమ్మట వ్యాఖ్యానము. అది రెండు భాగములుగను, ఒక్కొక్క భాగము రెండు ఉపభాగములుగను ఉండవలెనని అచటి సంప్రదాయము. సివిల్ వ్యాజ్యములకు అత్యున్నత న్యాయస్థానమగు కసాసియోన్ కోర్టు తీర్పులు కడు సంక్షిప్తములు. ఆ కొద్ది మాటలలో ఇమిడిన కారణమును విప్పి చెప్పుటయే విద్యార్థికి పరీక్ష.

అట్లు చదువబడు తీర్పులలో 1876 మార్చి 6 నాటి క్రాపోన్ కాలువ తీర్పు ముఖ్యమైనది. దక్షిణ ఫ్రాన్సులోని ప్రోవాన్సు ప్రాంతమున ఆదాం ద క్రాపోన్ అను ఇంజనీరు ద్యురాన్స్ నది నీటిని కాలువ ద్వారా పొలములకు మళ్లించెను. 1560, 1567 సంవత్సరముల ఒప్పందములలో నీటి రుసుము నిర్ణయింపబడెను. మూడువందల యేండ్లు గడచెను. డబ్బు విలువ పడిపోయెను. కూలి, మరమ్మతుల ఖర్చు పెరిగెను. పాత రుసుము కాలువ నిర్వహణకు చాలదాయెను. ఎక్స్ నగరపు అప్పీలు కోర్టు రుసుమును పెంచెను. కసాసియోన్ కోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. ఎంత న్యాయముగా తోచినను, కాలమును, పరిస్థితులను కారణముగా చూపి ఇరుపక్షముల ఒప్పందమును మార్చు అధికారము న్యాయమూర్తికి లేదని నిర్ణయించెను.

కాలువ నీటితో పంట పండించు కుటుంబములనుండి వచ్చిన మన విద్యార్థులకు ఈ తగవు సులభముగా బోధపడును. రుసుమును కోర్టు మార్చినచో, రేపు ఎవరి మాటను నమ్మి రైతు విత్తనము చల్లును? మార్చకున్నచో, కాలువ పూడిపోయి రైతే నష్టపడడా? ఈ రెండు పక్షములను సమానబలముతో వాదింపగలిగిననాడే విద్యార్థికి ఈ తీర్పు వచ్చినట్లు లెక్క.

అదే దేశమున మరియొక సమాధానమును పుట్టెను. ప్రభుత్వ సంబంధమైన వ్యాజ్యములను విచారించు కొన్సెయ్ దెతా అను న్యాయస్థానము 1916 మార్చి 30న బోర్దో నగరపు గ్యాస్ కంపెనీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. యుద్ధము వలన బొగ్గు ధర ఊహకందనంతగా పెరిగెను. అయినను ప్రజలకు గ్యాసు ఆగరాదు. కావున కంపెనీ పని సాగింపవలెననియు, అధిక నష్టములో కొంత నగరము భరింపవలెననియు ఆ తీర్పు సారాంశము.

1920ల దశకమున ఈజిప్టు దేశీయుడగు అబ్దుర్రజ్జాఖ్ అస్సన్‌హూరీ (1895–1971) ఫ్రాన్సులోని లియోఁ నగరమునకు వచ్చి, ఆచార్య ఎడ్వార్ లాంబేర్ యొద్ద చదివెను. అచట ఆయన రచించిన పరిశోధనగ్రంథములలో ఒకటి ఇంగ్లీషు తీర్పులను గూర్చినది. స్వదేశమునకు మరలిన పిమ్మట 1948 నాటి ఈజిప్టు సివిల్ కోడ్ రచనకు ఆయనయే ప్రధాన శిల్పి యయ్యెను. ఆ కోడ్ 147వ అధికరణము, ఒప్పందము చేసికొన్నవారికి శాసనమని మొదట చెప్పును. ఊహింపరాని సార్వత్రిక విపత్తు వలన బాధ్యత మోయరాని భారమైనచో, న్యాయమూర్తి దానిని సమంజసమైన హద్దునకు తగ్గింపవచ్చునని వెంటనే చేర్చును. ఫ్రాన్సు తన సివిల్ కోడ్‌లో ఇట్టి సూత్రమును 1195వ అధికరణముగా చేర్చుకొన్నది 2016లో మాత్రమే. నేర్చుకొన వచ్చిన విద్యార్థి నేర్పిన దేశముకంటె 68 ఏండ్లు ముందు నడిచెను!

మన దేశమున 1872 నాటి ఒప్పందముల చట్టము 56వ సెక్షను, పిదప నెరవేర్ప నసాధ్యమైన ఒప్పందము చెల్లదని చెప్పును. కాని ఖర్చు పెరిగినంత మాత్రమున విముక్తి లేదని సుప్రీంకోర్టు 1960లో అలోపీ పర్షాద్ వ్యాజ్యమున తేల్చెను. ఫ్రెంచి న్యాయమును చదివిన పిమ్మట ఈ తీర్పును చదివినచో, ఇది ఏకైక సమాధానము కాదనియు, పలు సమాధానములలో ఒకటి యనియు తెలియవచ్చును. పరాయి న్యాయమును చదువుట వలన కలుగు లాభ మిదియే. అది మన చట్టమును మరచుటకు గాదు, ప్రశ్నించి తెలిసికొనుటకు.

విద్యార్థులారా! రేపు మీరు అద్దె కరారుపై, అప్పు పత్రముపై, ఉద్యోగపు కాగితముపై సంతకము చేయుదురు. దూరదేశములలో పనికి పోవువారు చదువరాని భాషలోని పత్రములపై సైతము చేయవలసివచ్చును. ఆ సంతకము మీకు శాసనమగును. తరువాత న్యాయమూర్తి దయతలచి దానిని మార్చునని నమ్మి చేయకుడు. అడిగి, తెలిసికొని చేయుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటి. సన్‌హూరీ తన కోడ్‌పై అరబ్బీ భాషలో 'అల్ వసీత్' అను బృహద్వ్యాఖ్యను రచించెను. ఆ గ్రంథమును మన గ్రంథాలయమునకు తెప్పించి, 1872 నాటి చట్టము ప్రక్కన ఉంచిన బాగుండును. అరబ్బీ వచ్చిన విద్యార్థియు, చట్టము చదువబోవు విద్యార్థియు ఒకే బల్లయొద్ద కూర్చుండి చదువుట కంటె మాకు కావలసిన దేమి?