తెరచాప పడవ ఇంజనుకు సముద్రజలపు పంపు మార్చు విధానము

గాలిచే నడచు పడవకు ఇంజను ఎందుకని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. జాషువా స్లోకమ్ 1895లో బోస్టన్ నుండి బయలుదేరి, ఇంజను లేని ‘స్ప్రే’ అను చిన్న పడవలో ఒంటరిగా భూగోళమును చుట్టి, 1898లో తిరిగి అమెరికా చేరెను. అయినను నేటి సముద్రయానపు తెరచాప పడవలు పెక్కు తమ పొట్టలో ఒక చిన్న డీజిలు ఇంజనును మోయుచున్నవి. గాలి పడిపోయినపుడు, ఇరుకు రేవులో ప్రవేశించునపుడు, ప్రవాహము పడవను రాళ్ల వైపు ఈడ్చుచున్నపుడు ఆ ఇంజనే దిక్కు. ఆ ఇంజనును కాపాడునది అరచేతిలో ఇముడు ఒక కంచు పంపు. దాని స్వరూపమును, అది చెడినపుడు మార్చు పద్ధతిని ఈ వ్యాసమున పరిశీలింతము.

ఇంజను ఏదైనను వేడెక్కక తప్పదు. మోటారు బండికి ఎదురుగాలి రేడియేటరును చల్లార్చును. పడవ అడుగున మూసిన గదిలో ఉన్న ఇంజనుకు ఆ వసతి లేదు. కాని చుట్టును కావలసినంత చల్లని నీరు కలదు. పంపు ఆ నీటిని తోడి ఉష్ణవినిమయ పాత్రలోనికి పంపును. ఇంజను లోపల తిరుగు మంచినీరు తన వేడిని అక్కడ సముద్రజలమునకు అప్పగించును. రెండు నీళ్లును కలియవు. పాతకాలపు చిన్న ఇంజనులు కొన్నింటిలో మాత్రము ఉప్పునీరే నేరుగా ఇంజనులో ప్రవహించును. ఈ పని ముగిసిన పిమ్మట ఆ నీటిని పొగగొట్టములో కలుపుదురు. అందువలన పొగ చల్లబడి, రబ్బరు గొట్టము గుండా వెలుపలికి పోగలుగుచున్నది. కావున నీరు ఆగినచో ఇంజను వేడెక్కుటయే కాక, ఆ రబ్బరు గొట్టము కూడ కాలి విషవాయువు పడవ లోపల నిండవచ్చును.

పంపు నిర్మాణము సులభమైనది. గుండ్రని గదిలో రబ్బరు రెక్కల చక్రమొకటి తిరుగుచుండును. దీనిని ఇంపెల్లరు అందురు. గది గోడకు ఒకవైపు చిన్న ఉబ్బు కలదు. ఉబ్బును దాటిన రెక్క నిటారుగా విచ్చుకొనగా రెక్కల నడుమ చోటు పెరిగి నీరు లోనికి పీల్చబడును. మరల ఉబ్బును చేరిన రెక్క వంగగా చోటు తరిగి నీరు వెలుపలికి నెట్టబడును. ఈ రెక్కలకు ఆ నీరే నూనె. నీరు లేక తిరిగినచో ఒకటి రెండు నిమిషములలోనే రబ్బరు కాలి ముక్కలగును.

రెక్కలు మాత్రమే చెడినచో ఇంపెల్లరును మార్చిన చాలును. పంపునంతను ఎప్పుడు మార్చవలెను? పంపు ఇరుసుపై రెండు సీళ్లు ఉండును: ఒకటి సముద్రజలమును, రెండవది ఇంజను ఆయిలును అడ్డగించును. రెంటి నడుమ అడుగున సన్నని రంధ్రము విడుతురు. ఆ రంధ్రము నుండి ఉప్పునీరు కారుచున్నచో నీటి సీలు, ఆయిలు కారుచున్నచో రెండవ సీలు అరిగినదని అర్థము. చుక్కలే కదా యని ఉపేక్షింపరాదు. ఉప్పు చేరిన బేరింగులు త్రుప్పు పట్టును. రంధ్రము మూసుకొనిపోయినచో నీరు ఇంజను ఆయిలులో కలిసి అది పాలు పోసిన కాఫీ రంగునకు మారును. ఇరుసు కదలాడుచున్నను, గది లోపలి గోడ లోతుగా గీచుకొనిపోయినను క్రొత్త పంపు బిగించుటయే మేలు.

మొట్టమొదట పడవ అడుగున నీరు లోనికి వచ్చు కుళాయిని మూయవలెను. నావికులు దీనిని సీకాక్ అందురు. ఈ నియమము ఎంత ముఖ్యమో భౌతికశాస్త్ర విద్యార్థులు తామే లెక్కించుకొనవచ్చును. నీటిమట్టమునకు అర మీటరు దిగువన 20 మిల్లీమీటర్ల రంధ్రమున్నచో, టారిసెల్లి సూత్రము ప్రకారము నీరు సెకనుకు 3 మీటర్లకు పైగా వేగముతో చిమ్మును. రంధ్రపు అంచు వలన కలుగు తగ్గుదలను తీసివేసినను, నిమిషమునకు సుమారు 35 లీటర్లు, అనగా గంటకు రెండు వేల లీటర్లు లోనికి చేరును. కుళాయి మూసిన పిదప ఇంజను తాళపుచెవిని దాని పిడికే తగిలించుట మంచి అలవాటు. కుళాయిని తెరువక ఇంజను నడుపుట అప్పుడు సాధ్యపడదు.

తరువాత రెండు గొట్టములలో ఏది రాక, ఏది పోక యని గుర్తు పెట్టి, సెల్‌ఫోనుతో ఒక ఛాయాచిత్రము తీసికొనవలెను. బిగిసిన గొట్టమును పెకలించిన పంపు మూతి విరుగవచ్చును. వేడినీట ముంచిన గుడ్డను చుట్టిన అది మెత్తబడును. బెల్టుతో తిరుగు పంపైనచో బెల్టును సడలించి తీయవలెను. పళ్లచక్రముతో తిరుగునదైనచో ఆయిలు కారును గనుక క్రింద గుడ్డ పరచి, బోల్టులు విప్పవలెను.

పాత పంపును ప్రక్కన పెట్టి క్రొత్తదానితో పోల్చుట విధి. బోల్టు రంధ్రములు, ఇరుసు పొడవు, పళ్ల సంఖ్య, గొట్టపు మూతుల దిశ అన్నియు సరిపోవలెను. పాత ఇంపెల్లరు రెక్కలను లెక్కింపవలెను. ఒక్కటి తక్కువైనను ఆ ముక్క ఉష్ణవినిమయ పాత్ర నోట అడ్డుపడి యుండును. దానిని వెదకి తీయనిచో క్రొత్త పంపు పెట్టియు ఫలములేదు.

ఇంజను ముఖముపై అంటిన పాత గాస్కెట్టును గోకి శుభ్రపరచి, క్రొత్తది అమర్చి, పంపును చేతితో ఒదిగించి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగింపవలెను. రెక్కలకు గ్లిజరినుగాని సబ్బునీరుగాని పూయవలెను. మామూలు గ్రీజు రబ్బరును చెరుపవచ్చును. ఇరుసు తిరుగు దిశకు రెక్కల కొనలు వెనుకబడి వంగునట్లు చొప్పించుట సంప్రదాయము. బెల్టును బొటనవ్రేలితో నొక్కిన సుమారు 10 మిల్లీమీటర్లు లొంగవలెను. అయినను ఆ ఇంజను పుస్తకములోని కొలతయే ప్రమాణము.

ఇప్పుడు కుళాయి తెరచి, తడి లేదని చూచి, ఇంజనును నడిపింపవలెను. అర నిమిషములోపుగా పొగగొట్టము నుండి నీరు పొగతో కలిసి ఉమియబడవలెను. లేనిచో వెంటనే ఆపవలెను. ఇంకొక హెచ్చరిక: ఇంజను అందుకొనక స్టార్టరును పలుమారులు తిప్పవలసి వచ్చినచో కుళాయిని మూసి తిప్పవలెను. లేకున్న పంపు తోడిన నీటిని నెట్టుటకు పొగ యుండదు. ఆ నీరు సైలెన్సరులో నిండి వెనుకకు పొంగి సిలిండరులో ప్రవేశింపగలదు. ఇంజను అందుకొనిన తక్షణమే కుళాయి తెరువవలెను.

ఈ విద్య మనకు దూరమైనదని తలంపనక్కరలేదు. 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు ‘తారిణి’ అను తెరచాప పడవపై భూప్రదక్షిణము చేసిన ఆరుగురు నౌకాదళ మహిళాధికారులలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. తీరమునకు వేల మైళ్ల దూరమున మెకానిక్కును పిలుచుట పొసగదు. ఉన్నవారే మరమ్మతు చేసికొనవలెను. భాష విషయమునను మనకు పరాయితనము లేదు. చుక్కాని అను మాట అరబ్బీ నుండియు, లంగరు, సరంగు అనునవి ఫారసీ నుండియు వచ్చి మన తీరపు తెలుగులో స్థిరపడినవి. అదే విధముగ ఇంపెల్లరు, గాస్కెట్టు కూడ పనిచేయు చేతుల వెంట తెలుగులో ప్రవేశించినవి. పేరు ఏ భాషదైనను, దాని వెనుకనున్న కారణమును గ్రహించినవాడే యంత్రమునకు యజమాని. చుక్క నీరు కారునపుడే దాని అర్థమును చదువగలిగినచో పడవయు, అందలి ప్రాణములును రేవు చేరును.