నెత్తురులో మందు కొలత

కొంతకాలము క్రిందట మా వసతిగృహమందలి విద్యార్థి యొకడు పట్టపగలు తూలుచు నడచెను. మాట ముద్దకట్టెను. జీలుగు కల్లు త్రాగినాడని మేము వానిని గట్టిగా మందలించితిమి. వాడు కల్లు ముట్టనేలేదు. మూర్ఛకై సేవించుచున్న ఫెనిటోయిన్ మోతాదును అంతకు రెండు వారముల ముందు కొంచెము హెచ్చించిరి. నెత్తురు పరీక్షింపగా మందు మితిమీరియుండెను. డుంబ్రిగుడ కొండలలో మరియొకరు మావలె పొరబడకుండుటకై యీ పాఠము వ్రాయుచున్నాము.

మూర్ఛ క్రొత్తది కాదు. మార్కు సువార్త 9వ అధ్యాయమందలి బాలుడు నురుగు కార్చుచు పడిపోవుచుండెను. క్రొత్తవి మందులే: ఫెనోబార్బిటోన్ 1912లోను, ఫెనిటోయిన్ 1938లోను మూర్ఛకు వాడుకలోనికి వచ్చినవి.

మ్రింగిన మాత్ర ప్రేవులనుండి నెత్తురులో చేరి మెదడునకు పోవును. కొలుచుటకు సిరనుండి నెత్తురు తీసి, గడ్డకట్టనీయని మందు గల గొట్టములో పోసి, యంత్రమున వేగముగా త్రిప్పుదురు. కదల్పక యుంచిన చోడంబలిలో పిండి అడుగునకు దిగి తేట పైకి వచ్చునట్లు, కణములు దిగి లేత పసుపు ద్రవము పైన నిలుచును. అదియే ప్లాస్మా. అందు మిల్లీలీటరునకు ఫెనిటోయిన్ 10 మొదలు 20 మైక్రోగ్రాములున్న సాధారణముగా తగినంతయని వైద్యుల లెక్క. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు.

ఇక విద్యార్థులు పలకమీద వేసి చూడవలసిన లెక్క. ఈ మందును కాలేయము విరుచును. కాని దాని శక్తికి మితి కలదు. 50 కిలోల మనిషి కాలేయము దినమునకు 350 మిల్లీగ్రాములకు మించి విరువజాలదనియు, మట్టము 4 మైక్రోగ్రాములున్నప్పుడు అందు సగము విరుచుననియు అనుకొందము. అప్పుడు దినమునకు విరుగునది 350ని మట్టముచే గుణించి, మట్టమునకు 4 చేర్చిన మొత్తముచే భాగింపగా వచ్చును. దినమునకు 250 మిల్లీగ్రాములిచ్చిన మట్టము 10 వద్ద నిలుచును. 300 ఇచ్చినచో 12 అని తోచును గదా? కాదు, 24! అయిదవవంతు హెచ్చించుటతో మట్టము రెండింతలు దాటెను. మా విద్యార్థి తూలుటకు కారణమిదియే. అట్టివేళ తలిదండ్రులు భయపడి మాత్రలు హఠాత్తుగా మానిపించిన మూర్ఛలు ఎడతెగక వచ్చి ప్రాణాపాయము కలుగును.

మరియొక చిక్కు కలదు. ప్లాస్మాలోని ఫెనిటోయిన్‌లో నూటికి 90 వంతులు ఆల్బుమిన్ అను మాంసకృత్తునకు అంటుకొనియుండును. మెదడునకు చేరునది విడిగానున్న భాగమే. తిండి చాలక ఆల్బుమిన్ తగ్గినవానికి మొత్తము కొలత 8 అని కనబడినను, విడిమందు చాలినంత యుండవచ్చును. అది తెలియక మోతాదు పెంచుట హాని. క్షయకు ఇచ్చు ఐసోనియజిడ్ కూడ ఈ మట్టమును హెచ్చించును.

మోతాదు మార్చిన మరునాడే కొలిచిన ప్రయోజనము లేదు. మట్టము నిలుకడపడుటకు రెండు మూడు వారములు పట్టవచ్చును. ఉదయపు మాత్రకు ముందే నెత్తురు తీయింపవలయును. విశాఖపట్టణమునకు రైలెక్కువారు కడపటి మాత్ర వేసికొన్న వేళయు, ఇతర మందుల పేర్లును కాగితమున వ్రాసికొని పోవలయును. మూర్ఛలు రాక సుఖముగానున్నవానికి మట్టము 7 ఉన్నను, అంకెకొరకు మాత్ర పెంచనక్కరలేదు.